మీ ఊరి ప్రశ్నే మీ అర్హత

జిన్నారం, గడ్డపోతారం, బొల్లారం, పటాన్‌చెరు చుట్టుపక్కల డిగ్రీలు, పీజీలు చేసి కంపెనీల్లోనో కాలేజీల్లోనో పనిచేస్తున్నవాళ్లలో ఫుల్‌బ్రైట్, కామన్‌వెల్త్, డాడ్, ఎరాస్మస్ లాంటి ఫెలోషిప్పుల పేర్లు విన్నవాళ్లు చాలామందే ఉంటారు. విదేశంలో కొన్ని నెలలో, ఏడాదో పనిచేసి రావడానికి విమానం టికెట్ దగ్గర్నుంచి నెల ఖర్చుల దాకా అవి ఇచ్చేవాళ్లే పెట్టుకుంటారని కూడా తెలుసు. కానీ దరఖాస్తు మాట ఎత్తగానే వచ్చే జవాబు దాదాపు ఒకటే: "అవి పెద్ద యూనివర్సిటీల వాళ్లకు, గోల్డ్ మెడల్ వచ్చినవాళ్లకు. మనలాంటోళ్లకు ఎవరిస్తారు?" ఈ జవాబు వినయంలా వినిపిస్తుంది. దాని వెనకున్నది మాత్రం ఒక తప్పుడు లెక్క: ఫెలోషిప్ అంటే మార్కులకిచ్చే బహుమతి అన్న లెక్క. ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్నది ఒక్క విషయమే. అకడమిక్ ఎక్స్ఛేంజ్ ఫెలోషిప్ ఒక పని కోసం ఇద్దరి మధ్య కుదిరే ఒప్పందం. అందులో మీ వాటాగా మీరు పెట్టేది, దగ్గరుండి చూసి తెలుసుకున్న ఒక ప్రశ్న. ఆ ప్రశ్న ఎంత కచ్చితంగా ఉంటే దరఖాస్తు అంత బలంగా నిలబడుతుంది. ఈ లెక్కన జిన్నారంలో ఉండి చదవడం, పనిచేయడం చాలామందికి లేని అర్హత. దాన్ని ఎలా కాగితం మీద పెట్టాలన్నదే మిగతా అధ్యాయమంతా.

ఈ డబ్బు దేనికిస్తారు

ముందు ఈ ఫెలోషిప్పులు ఎందుకు పుట్టాయో చూడాలి. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక విదేశాల్లో మిగిలిపోయిన అమెరికా సైనిక సామగ్రిని అమ్మగా వచ్చే డబ్బును దేశాల మధ్య విద్యార్థుల, అధ్యాపకుల రాకపోకలకు వాడాలని సెనేటర్ విలియం ఫుల్‌బ్రైట్ ప్రతిపాదించారు. 1946లో అది చట్టమైంది. మన దేశం తరఫున నెహ్రూ, అమెరికా తరఫున రాయబారి లాయ్ హెండర్సన్ 1950 ఫిబ్రవరి 2న ఒప్పందం మీద సంతకాలు చేశారు. 2008లో కొత్త ఒప్పందంతో రెండు ప్రభుత్వాలూ ఖర్చును పంచుకోవడం మొదలుపెట్టాయి. అప్పటి నుంచే దానికి ఫుల్‌బ్రైట్-నెహ్రూ అన్న పేరు. అంటే ఇందులో మన ప్రభుత్వం డబ్బు కూడా ఉంది. రెండు దేశాలు కలిసి డబ్బు పెట్టి ఒక మనిషిని పంపుతున్నాయంటే, వెళ్లిన మనిషి అక్కడ ఏదో ఇచ్చి, ఇక్కడికి ఏదో తెస్తాడన్న ఆశతోనే. జర్మనీలో 1925లో మొదలైన డాడ్ వెనకా, 1959లో మొదలైన కామన్‌వెల్త్ స్కాలర్‌షిప్పుల వెనకా ఉన్నది ఇలాంటి ఆలోచనే.

ఇది ఉపన్యాసాల్లో చెప్పే ఆదర్శం మాత్రమే అనుకుంటే, ఎంపిక నిబంధనలు చదవండి. యూరప్‌లో పరిశోధన చేయడానికి ఏ దేశంవాళ్లైనా పెట్టుకోగల మేరీ క్యూరీ పోస్ట్‌డాక్టరల్ ఫెలోషిప్పుల్లో మార్కులు మూడు భాగాలు: ప్రతిపాదన నాణ్యతకు 50 శాతం, దానివల్ల కలిగే ప్రభావానికి 30 శాతం, పనిని నడిపే ప్రణాళికకు 20 శాతం. డిగ్రీ మార్కుల కోసం విడిగా ఒక భాగం లేదు. కామన్‌వెల్త్ స్కాలర్‌షిప్పుల్లో చదువులో ప్రతిభతో పాటు, అధ్యయన ప్రణాళిక ఎంత బాగుంది, మీ దేశ అభివృద్ధికి దాంతో ఏం ఒరుగుతుంది అని అడుగుతారు. ఫుల్‌బ్రైట్-నెహ్రూ మాస్టర్స్ ఫెలోషిప్‌కు కనీసం మూడేళ్ల పూర్తికాల ఉద్యోగానుభవం కావాలి. బ్రిటన్ ఇచ్చే చీవ్‌నింగ్‌కు రెండేళ్లు. డాడ్ వాళ్ల అభివృద్ధి సంబంధ పీజీ కోర్సులకూ కనీసం రెండేళ్లు. ఇన్ని దేశాల వాళ్లు ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా ఉద్యోగానుభవం ఎందుకు అడుగుతున్నారు? పని చేసినవాడి దగ్గరే పనికొచ్చే ప్రశ్న ఉంటుందని వాళ్ల నమ్మకం. గడ్డపోతారంలో నాలుగేళ్లు షిఫ్టులు చేసిన కెమిస్టు ఆ నాలుగేళ్లను బయోడేటాలో ఒక్క లైనుకు కుదించేస్తాడు. ఎంపిక కమిటీ అడుగుతున్నదే ఆ నాలుగేళ్ల గురించి.

పిలిపించుకున్నది ఆ పని

దీనికి తెలుగువాళ్ల చరిత్రలోనే గట్టి ఆధారం ఉంది. గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు గూడూరు, నూజివీడు, నందిగామ లాంటి ఊళ్లలో చదివి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎమ్మే చేసి, కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. 1946లో ఆయన కేంబ్రిడ్జి వెళ్లారు. సూడాన్‌లోని జెబెల్ మోయా అనే చోట తవ్వకాల్లో బయటపడిన ప్రాచీన మానవ అస్థికలు కేంబ్రిడ్జి మ్యూజియంలో ఉన్నాయి. వాటి కొలతలు విశ్లేషించి, ఆ జనం ఇతర జనసమూహాలకు ఎంత దగ్గరో తేల్చాలి. అందుకు తగిన పద్ధతి కలకత్తాలో మహలనోబిస్ రూపొందించిన డీ-స్క్వేర్. ఆ పద్ధతి తెలిసినవాళ్లను పంపమని అక్కడి మానవశాస్త్రవేత్త ట్రెవర్ అడిగారు. అలా వెళ్లినవారిలో రావు ఒకరు. మ్యూజియంలో ఆ పని చేస్తూనే ఆర్.ఎ. ఫిషర్ దగ్గర పీహెచ్‌డీ చేసి 1948లో పట్టా పుచ్చుకున్నారు. తర్వాత కలకత్తాకు తిరిగొచ్చి దశాబ్దాల పాటు అక్కడే పనిచేశారు. అస్థికల మీద ముగ్గురు కలిసి చేసిన పని 1955లో పుస్తకంగా వచ్చింది. ట్రెవర్, రావు, ఆయనతో వెళ్లిన రామకృష్ణ ముఖర్జీ ఆ పుస్తక కర్తలు.

ఈ ప్రయాణంలో నాలుగు విషయాలు గమనించాలి. కేంబ్రిడ్జికి ఒక అవసరం ఉంది. ఆ అవసరం తీర్చే చేతిపని కలకత్తాలో ఉంది. వెళ్లినవాడు తన పనితో పాటు అక్కడి గొప్ప గురువు దగ్గర కొత్త విద్య నేర్చుకున్నాడు. నేర్చుకున్నది తీసుకుని తిరిగొచ్చాడు. ఇవాళ ఏ ఎక్స్ఛేంజ్ ఫెలోషిప్ దరఖాస్తు ఫారం తీసుకున్నా అడిగే ప్రశ్నలు ఈ నాలుగే. వాళ్లకేం కావాలి, మీ దగ్గరేం ఉంది, మీరేం నేర్చుకుంటారు, తిరిగొచ్చి ఏం చేస్తారు. రావు అసాధారణ మేధావి, ఆయనతో మనకు పోలికా అని ఎవరైనా అనవచ్చు. మేధలో పోలిక అక్కర్లేదు. ట్రెవర్ మేధావిని పంపమని అడగలేదు. ఫలానా పద్ధతి వచ్చినవాళ్లను పంపమని అడిగారు. పని కచ్చితంగా ఉంటే మనిషిని వెతుక్కుంటూ పిలుపు వస్తుందన్నదే ఇందులో మనకు పనికొచ్చే పాఠం.

జిన్నారం దగ్గరున్న ప్రశ్న

ఇప్పుడు మన ప్రాంతానికి వద్దాం. 2007లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన జోకిమ్ లార్సన్, మరో ఇద్దరు కలిసి ఒక పరిశోధనా పత్రం ప్రచురించారు. దాదాపు 90 బల్క్ డ్రగ్ కంపెనీల వ్యర్థజలాలు చేరే పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని వాళ్లు పరీక్షించారు. శుద్ధి చేశాక కూడా ఆ నీటిలో సిప్రోఫ్లాక్ససిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. కొన్ని రకాల బ్యాక్టీరియాకు హాని చేసే మోతాదుకు అది వెయ్యి రెట్ల పైమాటే. రోజుకు 44 కిలోల సిప్రోఫ్లాక్ససిన్ బయటికి పోతోందని అంచనా కట్టారు. స్వీడన్ దేశమంతా ఐదు రోజుల్లో వాడే మందుకు అది సమానం. రెండేళ్ల తర్వాత, 2009లో, లార్సన్ కూడా ఉన్న ఒక బృందం ఈ చుట్టుపక్కల చెరువుల్లో, ఊళ్ల బావుల్లో కూడా మందుల అవశేషాలు ఉన్నాయని మరో పత్రంలో చూపించింది. ఆ ఏడాదే కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పటాన్‌చెరు-బొల్లారం ప్రాంతాన్ని తీవ్ర కాలుష్య ప్రాంతాల జాబితాలో చేర్చింది. ఇలాంటి చోట బ్యాక్టీరియా మందులకు ఎలా మొండికేస్తుంది, ఆ మొండితనం జన్యువుల ద్వారా ఎలా పాకుతుంది అన్నది ప్రపంచమంతటా పరిశోధకులు వెంటపడుతున్న ప్రశ్నగా మారింది. 2024 సెప్టెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ యాంటీబయాటిక్ తయారీ వ్యర్థాల మీద ప్రత్యేకంగా మార్గదర్శకాలే విడుదల చేసింది.

2007 నాటి పత్రం మీద ముగ్గురి పేర్లున్నాయి. వాళ్లలో మన ప్రాంతంవాళ్లు ఒక్కరూ లేరు. 2009 నాటి పత్రం మీదా లేరు. ఇది ఆ శాస్త్రవేత్తల తప్పు కాదు. వాళ్లు కొలిచి చెప్పడం వల్లే లోకానికి తెలిసింది, అందుకు మనం వాళ్లకు రుణపడి ఉండాలి. హైదరాబాద్‌లోని ఎన్‌జీఆర్‌ఐ శాస్త్రవేత్తలు కూడా ఈ నేలలో, భూగర్భజలంలో ఉన్న లోహాల మీద పనిచేశారు. అయినా ఒక మాట మిగిలిపోతుంది. నీళ్లు ఇక్కడివి, రోగాలు ఇక్కడివి, మందులు తయారుచేసే చేతులు ఇక్కడివి. ప్రశ్న వేసి జవాబు రాసిన చేతులు మాత్రం ఎక్కడివో. కాజీపల్లి చెరువు నీళ్లు ఏ నెలలో రంగు మారతాయో, ఏ బోరు నీళ్లు పశువులు ముట్టవో, నక్కవాగు నీళ్లు మంజీరలో కలిసే దాకా దారిలో ఎవరెవరు ఏ పంటకు పెడతారో ఇక్కడివాళ్లకే తెలుసు. ఒక మందు తయారీలో ఏ దశలో ఏ ద్రావకం వాడతారో, ఎక్కడ ఎంత వ్యర్థం వస్తుందో కంపెనీలో పనిచేసే కెమిస్టుకే తెలుసు. ఈ తెలివిడి ఉన్న మనిషి యూరప్‌లోనో జపాన్‌లోనో ఉన్న ఒక ల్యాబ్ తలుపు తడితే, అవతలివాళ్లకు అది సహాయం అడగడంగా కనిపించదు. వాళ్లకు అందని చోటు నుంచి వాళ్లకు కావలసింది తెచ్చిన సహచరుడి రాకగా కనిపిస్తుంది.

ప్రశ్న కాలుష్యం గురించే కానక్కర్లేదు. తక్కువ ద్రావకంతో, తక్కువ వ్యర్థంతో మందు తయారుచేసే పద్ధతి ఒక ప్రశ్న. ఒడిశా, బీహార్ నుంచి వచ్చి కంపెనీల్లో పనిచేసేవాళ్ల పిల్లలు తెలుగు బడిలో ఎలా చదువుతున్నారన్నది మరో ప్రశ్న. హైస్కూలు టీచర్లకు ఆరు వారాల పాటు అమెరికాలో శిక్షణ ఇచ్చే ఫుల్‌బ్రైట్ కార్యక్రమం ఒకటి ఉంది, ఈ ప్రశ్న దానికి సరిగ్గా సరిపోతుంది. 1972 నుంచి పటాన్‌చెరులోనే ఉన్న ఇక్రిశాట్‌కు జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగల మీద పనిచేయడానికి ప్రపంచం నలుమూలల నుంచీ శాస్త్రవేత్తలు వచ్చారు. అంత దూరం నుంచి వాళ్లు మన ఊరికి రావడానికి కారణమైన ప్రశ్నలు ఇక్కడి వ్యవసాయ విద్యార్థికి గుమ్మం ముందే ఉన్నాయి.

దరఖాస్తులో అది ఎలా కనిపించాలి

ఎంత మంచి ప్రశ్న ఉన్నా, కాగితం మీద పెట్టేటప్పుడు చాలామంది దాన్ని దాచేస్తారు. పెద్ద మాటలు రాస్తేనే పెద్ద ఫెలోషిప్ వస్తుందన్న భ్రమ దానికి కారణం. ఉదాహరణకు స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ ఇలా మొదలవుతుందనుకుందాం: "నీటి కాలుష్యం నేడు ప్రపంచాన్ని పట్టి పీడిస్తున్న సమస్య. ప్రపంచస్థాయి పరిశోధన చేసి దేశానికి సేవ చేయాలన్నది నా చిన్ననాటి కల." ఈ రెండు వాక్యాలు ఏ దేశంలో ఎవరైనా రాయవచ్చు. కాబట్టి వీటివల్ల చదివేవాళ్లకు మీ గురించి ఏమీ తెలియదు. అదే మనిషి ఇలా రాస్తే చూడండి: "నేను నాలుగేళ్లు ఒక బల్క్ డ్రగ్ కంపెనీ క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌లో హెచ్‌పీఎల్‌సీ మీద పనిచేసి, ఇప్పుడు పీహెచ్‌డీ చేస్తున్నాను. తయారైన మందు ఎంత స్వచ్ఛంగా ఉందో కొలవడం నాకు వచ్చు. అదే మందు చెరువు నీటిలో లీటరుకు కొన్ని మైక్రోగ్రాములే ఉన్నప్పుడు, అడుగు బురదకు పట్టుకుని ఉన్నప్పుడు కొలవడం రాదు. మీ ల్యాబ్‌లో తొమ్మిది నెలలుండి ఆ పద్ధతి నేర్చుకుంటాను. తిరిగొచ్చాక మా మండలంలోని మూడు చెరువుల్లో వానలకు ముందూ తర్వాతా కొలతలు తీసి, గ్రామ పంచాయతీలు చదువుకోగలిగే పట్టికలుగా ఇస్తాను."

రెండోదాంట్లో ఒక్క పెద్ద మాట కూడా లేదు. కానీ ప్రతి వాక్యం ఒక పని చేస్తోంది. మొదటి రెండూ చేతిలో ఉన్న విద్య చెబుతున్నాయి, మూడోది దాని హద్దు చెబుతోంది. రానిదేమిటో తెలిసినవాడే ఏం నేర్చుకోవాలో చెప్పగలడు కాబట్టి, "రాదు" అన్న ఆ మాట దరఖాస్తుకు బలమే గానీ బలహీనత కాదు. తర్వాతి వాక్యం ఎక్కడ, ఎన్ని నెలలుండి, ఏం నేర్చుకుంటాడో చెబుతోంది. చివరిది తిరిగొచ్చాక చేసే పనికి చోటు, కాలం, ఫలితం అందుకునే మనుషులు ఎవరో చెబుతోంది. ఇంటికి మేస్త్రీని కుదుర్చుకునేటప్పుడు మనం ఎలా చూస్తామో కమిటీ కూడా అలాగే చూస్తుంది. ఇంతకుముందు ఏం కట్టాడు, మన స్థలం చూశాడా, ఎన్నాళ్లలో ఏం చేస్తానంటున్నాడు అన్నవే అడుగుతుంది.

తర్వాతి మెట్టు అక్కడి ప్రొఫెసర్‌కు రాసే ఉత్తరం. పీహెచ్‌డీ చేస్తున్నవాళ్లకు ఆరు నుంచి తొమ్మిది నెలల ఫుల్‌బ్రైట్-నెహ్రూ డాక్టరల్ రీసెర్చ్ ఫెలోషిప్ ఉంది. ఇలాంటి పరిశోధన ఫెలోషిప్పుల్లో అక్కడివాళ్ల అంగీకారపత్రం ఉంటే దరఖాస్తుకు చాలా బలం. ఒకే ఉత్తరాన్ని పేర్లు మార్చి యాభై మందికి పంపితే జవాబు రాదు. ఒక ల్యాబ్ ప్రచురించిన పత్రాల్లో మీ ప్రశ్నకు దగ్గరగా ఉన్న రెండింటిని శ్రద్ధగా చదవండి. వాటిలో ఎక్కడ మీకు సందేహం కలిగిందో, మీ ప్రాంతంలో పరిస్థితి వాళ్లు చూసినదానికి ఎలా భిన్నమో ఒక పేరాలో రాయండి. మీకు వచ్చినదేమిటో, కావలసినదేమిటో ఇంకో పేరాలో రాయండి. ఒక పేజీ దాటనివ్వకండి. చివర్లో అడగవలసింది ఒక్కటే: ఈ పని మీద నాకు మీ దగ్గర చోటిస్తారా అని. జవాబు రావడానికి వారాలు పడుతుంది, ఒక్కోసారి రాదు. అందుకే గడువుకు ఏడాది ముందు మొదలుపెట్టాలి. చివరి నెలలో మొదలుపెట్టిన దరఖాస్తులో ఈ భాగం ఎప్పుడూ బలహీనంగానే ఉంటుంది.

రికమండేషన్ లెటర్ల విషయంలోనూ మనవాళ్లు పొరపడతారు. పదవి పెద్దదైతే ఉత్తరం బరువెక్కుతుందనుకుని, తమ పని ఒక్కసారీ చూడని ప్రిన్సిపాల్ చేతో, ఎవరో పెద్దమనిషి చేతో రాయిస్తారు. "క్రమశిక్షణ గల విద్యార్థి, మంచి నడవడి గలవాడు" అన్న నాలుగు లైన్ల ఉత్తరం కన్నా, మీ పక్కన నిలబడి పని చూసిన గైడో, ల్యాబ్ ఇన్‌చార్జో "ఫలానా పరీక్షలో ఫలితాలు తేడాగా వచ్చినప్పుడు మూడు రోజులు వెతికి కారణం పట్టుకున్నాడు" అని రాసే ఒక్క వాక్యం ఎక్కువ పనిచేస్తుంది. రాసేవాళ్లకు మీ ప్రతిపాదన, బయోడేటా, గుర్తు చేయవలసిన విషయాలు నెల ముందే ఇవ్వండి.

కంపెనీ ఉద్యోగులు ఇంకో రెండు జాగ్రత్తలు తీసుకోవాలి. కంపెనీ లోపలి సమాచారం, తయారీ రహస్యాలు మీ సొత్తు కాదు. మీ అనుభవం మీది, కంపెనీ డేటా కంపెనీది. దరఖాస్తులో డేటా పెట్టకుండా అనుభవం చెప్పడం నేర్చుకోవాలి, సెలవు గురించి యాజమాన్యంతో ముందే మాట్లాడి ఎన్‌ఓసీ తెచ్చుకోవాలి. రెండోది నమూనాల సంగతి. చెరువు బురదలోని సూక్ష్మజీవులు కూడా 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం జీవ వనరులే. పరిశోధన కోసం వాటిని దేశం దాటించాలంటే జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ నిబంధనలు పాటించాలి. ఈ సంగతి తెలిసి, నమూనాలను ఇక్కడే పరీక్షించేలానో, అనుమతికి తగిన వ్యవధి ఉంచేలానో ప్రణాళిక వేసుకున్న దరఖాస్తు, వేసుకోనిదానికన్నా ఒక మెట్టు పైనుంటుంది. ఇతను పని ఎలా జరుగుతుందో ఆలోచించినవాడని అది చెప్పకనే చెబుతుంది.

వచ్చే అభ్యంతరాలు

చిన్న కాలేజీలో చదివినవాళ్లకు ఇవన్నీ కుదురుతాయా అన్నది మొదటి అభ్యంతరం. ఇందులో నిజం ఉంది. పెద్ద క్యాంపస్‌లో చదివినవాళ్లకు పేరున్న గైడ్లు, సెమినార్లు, ముందు వెళ్లొచ్చిన సీనియర్లు ఉంటారు. ఆ తేడాను లేదనడం అబద్ధం చెప్పడమే. కానీ ఆ తేడాను కొంత పూడ్చుకునే వీలు ఈ ప్రాంతానికి ఉన్నంతగా చాలా ప్రాంతాలకు లేదు. పటాన్‌చెరులో ఇక్రిశాట్, కందిలో జపాన్ సహకారంతో ఎదిగిన ఐఐటీ హైదరాబాద్, నగరంలో ఎన్‌జీఆర్‌ఐ, ఐఐసీటీ, ఫుల్‌బ్రైట్ వ్యవహారాలు చూసే యూఎస్‌ఐఈఎఫ్ కార్యాలయం, అన్నీ రోజులో వెళ్లిరాగల దూరంలోనే ఉన్నాయి. అక్కడ జరిగే బహిరంగ ఉపన్యాసాలకు వెళ్లండి, మీ ప్రశ్నకు దగ్గరగా పనిచేస్తున్న ఒక శాస్త్రవేత్తకు పరిచయమవ్వండి, వీలైతే కో-గైడ్‌గా ఉండమని అడగండి. అడగడానికి కావలసింది సిగ్గు వదలడం, ముందే చదువుకుని వెళ్లడం.

రెండోది ఇంగ్లీషు. తెలుగు మీడియంలో చదివాం, అంత బాగా ఎలా రాస్తాం అంటారు. కొన్నిటికి టోఫెల్, ఐఈఎల్‌టీఎస్ లాంటి పరీక్షలు తప్పవు, వాటికి కూర్చుని సాధన చేయాల్సిందే. ప్రతిపాదనను మాత్రం ముందు తెలుగులోనే రాయండి. మీకు బాగా వచ్చిన భాషలో ఆలోచన ఎక్కడ తేలిపోతోందో ఇట్టే దొరికిపోతుంది. తెలుగులో స్పష్టంగా ఉన్న నాలుగు వాక్యాలను మామూలు ఇంగ్లీషులో పెట్టి, భాష తెలిసినవాళ్లకు చూపించి దిద్దించుకోవచ్చు. తెలుగులోనే స్పష్టంగా లేనిదాన్ని ఏ ఇంగ్లీషూ నిలబెట్టలేదు.

మూడోది బరువైన అభ్యంతరం. మన ఊరి మురికి పరాయివాళ్ల ముందు పరచడమా? ఈ కంపెనీల మీద వేల కుటుంబాలు బతుకుతున్నాయి, పరిశోధన పేరుతో వాటి పొట్ట కొడతారా? ఈ భయాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. ఇక్కడ ఉద్యోగం పోతే ఆ ఇంటి పిల్లల చదువు ఆగుతుంది. కానీ ఆ కొలతలు ఏనాడో ప్రపంచానికి చేరాయి. కొత్తగా దాచగలిగేదేమీ లేదు. ఇప్పుడు మిగిలినది, ఆ కాలుష్యాన్ని ఎలా తగ్గించాలో ఎవరు కనిపెడతారన్నదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాల తర్వాత, వ్యర్థాల సంగతి చూసుకోగల నైపుణ్యం రేపటి కంపెనీకి అవసరమే అవుతుంది. ఆ నైపుణ్యం బయటి కన్సల్టెంట్ దగ్గర కన్నా ఇక్కడి బిడ్డ చేతిలో ఉంటే, నీళ్లూ ఉద్యోగాలూ రెండూ కావాలని కోరుకునే మనిషి చేతిలో ఉన్నట్టు. దరఖాస్తులో కూడా ఎవరినీ దుమ్మెత్తిపోయనక్కర్లేదు. ఏం కొలుస్తారో, ఎలా తగ్గిస్తారో రాస్తే చాలు.

నాలుగోది ఇంట్లోంచి వస్తుంది. "అమెరికా పోతే అక్కడే స్థిరపడాలి గానీ, మళ్లీ తిరిగి రావడమేంటి?" ఫుల్‌బ్రైట్ మీద జె-1 వీసాతో వెళ్లినవాళ్లు స్వదేశంలో రెండేళ్లు ఉన్నాకే హెచ్-1బి వీసాకో గ్రీన్‌కార్డుకో అర్హులవుతారు. చీవ్‌నింగ్ కూడా రెండేళ్లు స్వదేశానికి తిరిగి రావాలంటుంది. స్థిరపడటమే మీ ఉద్దేశమైతే ఈ దారి మీది కాదు, వేరే దారులున్నాయి, అందులో తప్పేమీ లేదు. తిరిగొస్తానని రాసి మనసులో ఇంకోటి పెట్టుకోవడమే తప్పు. శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు 1923లో కాకినాడలోని సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ, మామగారి కుటుంబం ఆసరాతో హార్వర్డ్‌కు ఉష్ణమండల వైద్యం చదవడానికి వెళ్లి, తిరిగి రాలేదు. సొంత కుటుంబంలోనే ప్రాణాలు తీసిన స్ప్రూ జబ్బుకు పనికొచ్చే ఫోలిక్ యాసిడ్‌ను ఆయన నాయకత్వంలోని లెడర్లీ కంపెనీ బృందం 1945లో తయారుచేసింది. ఇంటి దగ్గర పుట్టిన ప్రశ్న ఎంత దూరం వెళ్లగలదో చెప్పడానికి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. అయితే ఆయన సంతకం చేసింది ఎక్స్ఛేంజ్ ఒప్పందం మీద కాదు. మీరు చేసేది దాని మీదే. ఆ రెండేళ్లను బంధనంగా కన్నా, మీరు నేర్చుకున్నది వేళ్లూనుకోవడానికి దొరికిన గడువుగా తీసుకుంటే ప్రణాళికలోని చివరి భాగం నిజాయితీగా రాయగలుగుతారు. ఇంట్లోవాళ్లకు చెప్పవలసిన మరో సంగతి కూడా ఉంది. బ్యాంకు లోను మీద చదువుకు వెళ్లినవాడు అప్పుతో మొదలవుతాడు. పూర్తి ఫెలోషిప్ మీద వెళ్లినవాడు ఆ బరువు లేకుండా తిరిగొస్తాడు.

చివరిది, ఇంత చేసినా రాకపోతే? రాకపోవచ్చు. పోటీ గట్టిది, అర్హత ఉన్నవాళ్లందరికీ ఇచ్చేటంత డబ్బు ఎక్కడా లేదు. మొదటిసారి రాకపోవడం మామూలే అనుకుని మొదలుపెట్టడం మంచిది. మేరీ క్యూరీలో ఎంపిక కానివాళ్లకు కూడా ఏ భాగానికి ఎన్ని మార్కులు వచ్చాయో, ఎక్కడ లోపముందో రాసి పంపుతారు. అలాంటి నివేదిక దొరకని చోట మీ గైడ్‌తోనే అలాంటి విమర్శ రాయించుకోండి. పైగా ఈ దారిలో మీకు మిగిలేవి లెక్కపెట్టండి: ఒక పేజీలో చెప్పగలిగిన ప్రశ్న, దాని మీద పనిచేసే ఇద్దరు ముగ్గురు శాస్త్రవేత్తలతో పరిచయం, మీకు రానిదేమిటో మీకే తెలియడం. ఇవి మరుసటి ఏడాది దరఖాస్తుకే కాదు, ఉద్యోగంలో పైమెట్టుకూ పనికొస్తాయి.

ఈ వారమే మొదలుపెట్టవలసింది

ఒక కాగితం తీసుకుని మూడు జవాబులు రాయండి. మా ఊళ్లోనో, నేను పనిచేసే చోటో నేను దగ్గరగా చూసిన, ఇంకా ఎవరూ సరిగ్గా జవాబు చెప్పని ప్రశ్న ఏది? దానికి జవాబు వెతకడానికి నా చేతిలో ఇప్పటికే ఉన్న విద్య ఏది, లేనిది ఏది? లేనిది నేర్చుకుని వస్తే, మొదట ఎవరికి, ఎలా ఉపయోగపడుతుంది? మూడో జవాబులో "దేశానికి", "సమాజానికి" అన్న మాటలు రాకుండా చూసుకోండి. ఒక ఊరి పేరు, ఒక బడి పేరు, ఒక చెరువు పేరు రావాలి. ఆ తర్వాత మీ అర్హతకు సరిపోయే రెండు ఫెలోషిప్పుల ఈ ఏడాది ప్రకటనలను వాటి అధికారిక వెబ్‌సైట్లలో మొదటి నుంచి చివరిదాకా చదివి, గడువులు గోడ క్యాలెండర్ మీద రాసి పెట్టుకోండి. నిబంధనలు ఏటేటా మారతాయి కాబట్టి ఎవరో చెప్పింది నమ్మి ఆగిపోవద్దు.

మన నీళ్ల గురించి, మన నేల గురించి, మన పిల్లల గురించి రాబోయే పదేళ్లలో ఇంకా ఎన్నో పరిశోధనా పత్రాలు వస్తాయి. మనం చేసినా చేయకపోయినా అవి వస్తాయి. వాటి మీద జిన్నారంవాళ్ల పేర్లు ఉండాలంటే, జిన్నారం నుంచి దరఖాస్తులు వెళ్లాలి.